విజయశ్రీ చేతికి సరిపడే పిస్తోలు

నోవై, మిషిగన్
2009 ఫిబ్రవరి 12

ఒసే రాధారాణీ,

ఫోనూ ఈమెయిలూ ఉండగా ఇదేమిటి, ముప్ఫయ్యేళ్ల తర్వాత చేత్తో ఉత్తరం రాసింది అని నువ్వు కవరు తిప్పి తిప్పి చూస్తూ ఉంటావు. కారణం ఉంది. మా ఇంట్లో ఈమెయిల్ అకౌంట్ ఒక్కటే, అదీ మా ఆయన పేరు మీద. కంపెనీ వాళ్లు బైఅవుట్ అని కొంత డబ్బు చేతిలో పెట్టి ఇంటికి పంపిన దగ్గర్నుంచి మల్లికార్జునరావు గారు వచ్చిన ప్రతి మెయిలూ కాఫీ తాగుతూ పైకి చదువుతున్నారు. బ్యాంకు వాళ్లదైనా సరే, భావయుక్తంగా చదువుతారు. ఫోన్ చేద్దామంటే కింద బేస్‌మెంట్‌లో ఎక్స్‌టెన్షన్ ఎత్తి "ఎవరూ, రాధారాణి గారా? సియాటిల్‌లో వానేనా?" అంటారు. నేను అడగబోయేది ఇప్పుడే ఆయన చెవిన పడకూడదు.

నాకో పిస్తోలు కొనాలని ఉంది.

నవ్వడం అయ్యాక మిగతాది చదువు. నువ్వు ఆరేళ్లుగా లైసెన్సు తీసుకుని సంచిలో పిస్తోలు పెట్టుకు తిరుగుతున్నావు. ఆడవాళ్ల షూటింగ్ లీగ్‌లో కప్పు కూడా కొట్టావు. మన క్లాస్‌మేట్స్‌లో తుపాకీ పండితురాలివి నువ్వొక్కదానివే. నిన్ను కాక ఎవర్ని అడగను?

నిన్న ధైర్యం చేసి ఒక గన్ షాపుకి వెళ్లాను. స్నో బూట్లు, మంకీ క్యాప్, చేతిలో కూరగాయల సంచి. కౌంటర్ వెనక ఉన్నాయన మర్యాదగా "ఏ క్యాలిబర్ అనుకుంటున్నారు మేడమ్?" అన్నాడు. "చిన్నది" అన్నాను. "చిన్నదంటే?" "హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టేది. గులాబీ రంగు మాత్రం వద్దు." ఆయన నల్ల గుడ్డ పరిచి దాని మీద నాలుగు వరసగా పెట్టి, ఇది త్రీ ఎయిటీ, ఇది నైన్ ఎంఎం, ఇది థర్టీ ఎయిట్ స్పెషల్, ఇది ఫార్టీ అంటూ చెప్పుకుపోయాడు. చీరల కొట్లో కూర్చున్నట్టే ఉంది. చీరలైతే నాకు తెలుసు. అన్నీ చూసి, మళ్లీ వస్తానని చెప్పి బయటపడ్డాను.

ఎందుకూ అంటావేమో. సరదాకే. మా మందుల షాపు నుంచి కారు దాకా నడిచే దారి చలికాలంలో సాయంత్రం ఐదున్నరకే మసకబారిపోతుంది. పోయిన నెల షాపులో చిన్న దొంగతనం ఒకటి జరిగింది కూడా, ఎవరో నొప్పి బిళ్లల కోసం వచ్చారు. నేనప్పుడు వెనక గదిలో ఉన్నాను, ఏమీ చూడలేదు. దాన్ని పెద్దది చేయకు.

ఆవకాయ జాడీ మూత తీయడానికి మొగుణ్ణి పిలిచే యాభై ఏడేళ్ల మనిషికి ఏ క్యాలిబర్ సరిపోతుందో చెప్పు. జవాబు షాపు అడ్రసుకి రాయి.

నీ విజయ

*

బాతెల్, వాషింగ్టన్
2009 ఫిబ్రవరి 24

విజయా,

వాల్తేరులో ఫార్మకాలజీ ల్యాబ్‌లో కప్పని చూసి కిటికీలోంచి దూకబోయిన మనిషి పిస్తోలు కొంటుందట. మా ఆయన ఉమాకాంత్ గారికి చెబితే టీ పొలమారింది. మా ఇంట్లో రహస్యాలు తక్కువలే, నీలా కాదు.

ముందు భయం తీసేస్తాను. క్యాలిబర్ అంటే తూటా లావు. అంతే. ట్వెంటీ టూ అన్నిటికన్నా సన్నం. చప్పుడు తక్కువ, తన్ను తక్కువ. నేర్చుకోవడానికి అంతకన్నా మంచిది లేదు, కాని ప్రాణం మీదికొచ్చిన రోజున దాన్ని నమ్ముకోమని నేను చెప్పలేను. త్రీ ఎయిటీ, నైన్ ఎంఎం ఇంచుమించు ఒకే లావు. త్రీ ఎయిటీ పొట్టిది, లోపల మందు తక్కువ. మందంటే మనం అమ్మే మందు కాదు, తుపాకి మందు. నైన్ ఎంఎం కాస్త పొడుగు, బలం ఎక్కువ, ఊరూరా దొరుకుతుంది, ధర కూడా నయం. థర్టీ ఎయిట్ స్పెషల్ రివాల్వర్‌లో వేసేది. ఐదు తూటాలు పడతాయి, లాగడాలు పీకడాలు ఉండవు, ట్రిగ్గర్ మాత్రం బావి గిలకలా బరువు. ఫార్టీ జోలికి పోకు.

అందరూ పొరపడేది ఒకచోట. చిన్న పిస్తోలు కదా, మెత్తగా ఉంటుందనుకుంటారు. తేలిక పిస్తోలే ఎక్కువ తంతుంది, ఆ దెబ్బని పీల్చుకోడానికి దానికి ఒంట్లో బరువు లేదు కనక. షాపులో ముద్దొచ్చే పిస్తోలు, కాల్చడం సాధన చేసే రేంజ్‌లో మూడో తూటాకే విసుగు పుట్టిస్తుంది. విసుగు పుడితే ప్రాక్టీసు మానేస్తావు. ప్రాక్టీసు మానేసి సంచిలో పెట్టుకు తిరిగితే అది ఇనప ముక్కకన్నా అన్యాయం.

పెద్ద తూటా గురి తప్పి గోడకి తగిలితే ఏం లాభం? నెలకి రెండుసార్లు, యాభై చొప్పున, మొహం చిట్లించకుండా కాల్చగలిగిన వాటిలో పెద్దది ఏదో అదే నీ క్యాలిబర్. అది నేను చెప్పలేను, నీ చెయ్యి చెప్పాలి. రేంజ్‌లో అద్దెకిస్తారు. అన్నీ కాల్చి చూడు. మీ మిషిగన్‌లో లైసెన్సుకి ఎనిమిది గంటల క్లాసు ఉండాలి, అది ముందు పూర్తి చెయ్యి.

ఇంకొక్క మాట. సరదాకి అన్నావు. సరదాకి కొనేవాళ్లు రంగు అడుగుతారే, క్యాలిబర్ అడగరు.

రాధ

*

నోవై
2009 మార్చి 22

రాధా,

క్లాసు అయిపోయింది. పాసయ్యాను. మీ అందరికన్నా ముందు మల్లికార్జునరావు గారికే తెలిసిపోయింది, ఆ కథ చివర్లో చెబుతాను.

మా మాస్టారి పేరు డేల్. పాతికేళ్లు షెరీఫ్ ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. క్లాసులో పదకొండు మందిమి. ఒక ట్రక్కు డ్రైవరు, కొత్తగా పెళ్లైన జంట, తల్లీ కూతుళ్లు, ఇంకొందరు, చీర మీద స్వెటర్ వేసుకున్న నేను. పొద్దుటంతా చట్టం చెప్పాడు. బడికి తీసుకెళ్లకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లకూడదు. "ప్రార్థన స్థలాలకి కూడా, అక్కడి పెద్దలు ఒప్పుకుంటే తప్ప" అన్నాడు. నేను చెయ్యెత్తి "మా గుళ్లో చెప్పులే బయట విడిచిపెట్టమంటారు సార్" అన్నాను. పోలీసులు కారు ఆపితే అడక్కముందే మనమే చెప్పాలట, నా దగ్గర పిస్తోలుందని. ఇదంతా నోట్సు రాసుకున్నాను. నాకొక్కదానికే నోట్‌బుక్ ఉంది.

మధ్యాహ్నం రేంజ్. నువ్వన్నట్టే అన్నీ అద్దెకి తీసుకున్నాను. త్రీ ఎయిటీ మొదట పట్టుకున్నాను, ఎంత ముద్దుగా ఉందో, ముక్కుపొడి డబ్బాలా. ఆరు కాల్చేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం లేచిపోయింది. రివాల్వర్ ట్రిగ్గర్ లాగుతుంటే చెయ్యంతా పక్కకి తిరిగిపోయింది. నా తూటా పక్కవాళ్ల టార్గెట్‌లో పడింది, ట్రక్కు డ్రైవరు "థాంక్యూ" అన్నాడు. కాస్త బరువున్న నైన్ ఎంఎం మాత్రం చేతిలో బుద్ధిగా కూర్చుంది. పదింట్లో ఏడు లోపల పడ్డాయి. కాని దాని పైభాగం, స్లైడ్ అంటారే, అది వెనక్కి లాగడం నా వల్ల కావడం లేదు. డేల్ లాగి ఇచ్చాడు. వీధిలో దొంగ వస్తే డేల్‌ని ఎక్కడ వెతకను?

ఇక మా ఆయన. కారు డిక్కీలో నా టార్గెట్ కాగితం దొరికింది. మనిషి బొమ్మ, గుండెల మీద ఏడు చిల్లులు. డైనింగ్ టేబుల్ మీద పరిచి, కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. నేను పోపు మాడ్చేశాను. చివరికి "ఎడమ పక్కకి లాగేస్తోంది, ట్రిగ్గర్ మీద వేలు తక్కువ పెడుతున్నావు" అన్నారు. మర్నాటికి ఎక్సెల్‌లో పట్టిక తయారు. పన్నెండు వరసలు: తూటా బరువు, వేగం, శక్తి, ధర. ఫార్టీకి మార్కులెక్కువ వచ్చాయని తేల్చారు. ముప్ఫై మూడేళ్ల కాపురంలో ఇంత ఉత్సాహంగా నాతో ఏ విషయమూ మాట్లాడలేదు. "ఎందుకు కొంటున్నావు" అని మాత్రం అడగలేదు. అడుగుతారేమోనని నేను ఎదురుచూశాను.

అన్నట్టు, నీ అక్షరాలేమిటే చీమలు పాకినట్టున్నాయి? కాగితం ఆదా చేస్తున్నావా? భూతద్దం పెట్టి చదివాను.

విజయ

*

బాతెల్
2009 ఏప్రిల్ 6

విజయా,

అన్నయ్యగారి పట్టికలో నీ మణికట్టు ఏ కాలమ్‌లో ఉందో అడుగు. లేకపోతే ఆ పట్టిక పనికిరాదు.

త్రీ ఎయిటీ మాట మర్చిపో. కాలిఫోర్నియా నుంచి మెయిన్ రాష్ట్రం దాకా ఎక్కడా ఆ తూటాల డబ్బా దొరకడం లేదు. కొత్త ప్రభుత్వం నిషేధిస్తుందేమోనని అందరూ భయపడి కొని దాచుకున్నారు. నైన్ ఎంఎం కూడా కరువే, కాని వెతికితే దొరుకుతుంది.

స్లైడ్ సంగతి. వేళ్లతో లాగకు. అరచేయి మొత్తం దాని మీద వేసి గట్టిగా బిగించి, పిస్తోలున్న చేతిని ముందుకి తొయ్యి. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచుకో. లాగే బలం వేళ్లది, తోసే బలం భుజానిది. వేళ్లు మాట వినని వాళ్లకి కూడా ఇది పనిచేస్తుంది. పొద్దున పూట బాగా వస్తుంది, సాయంత్రానికి కష్టం.

నీకు నచ్చితే నా నైన్ ఎంఎం నీకే ఇచ్చేస్తాను. ఒక డీలర్ నుంచి ఇంకో డీలర్‌కి పంపాలి, ఆ కాగితాలన్నీ నేను చూసుకుంటాను. దాని మీద నాకు మోజు తీరింది.

రాధ

*

నోవై
2009 ఏప్రిల్ 19

రాధా,

ఈ పూట ఆదివారం. షాపులో నేనొక్కదాన్నే ఉన్నాను. నీ ఉత్తరాలు రెండూ కౌంటర్ మీద పక్కపక్కనే పెట్టుకున్నాను. సంక్రాంతికి నువ్వు పంపిన గ్రీటింగ్ కార్డు కూడా తెచ్చాను.

అక్షరాలు కార్డులోకన్నా ఫిబ్రవరి ఉత్తరంలో చిన్నవి. ఏప్రిల్‌లో ఇంకా చిన్నవి. ప్రతి వరసా మొదట్లో కాస్త పెద్దగా మొదలై చివరికొచ్చేసరికి నలిగిపోయింది. వేళ్లు మాట వినని వాళ్లన్నావు. పొద్దున బాగుండి సాయంత్రానికి కష్టమన్నావు. నెలలో నాలుగు వారాలూ రేంజ్‌కి వెళ్లే మనిషివి, రెండు నెలల్లో నువ్వు కాల్చిన ఒక్క తూటా గురించి కూడా నాకు చెప్పలేదు. కప్పు తెచ్చిపెట్టిన పిస్తోలు మీద మోజు తీరిందంటావు. నేను ముప్ఫయ్యేళ్లుగా ఈ కౌంటర్ వెనక నిలబడ్డానే. ఇలాంటి చేతివ్రాతతో సంతకాలు పెట్టే వాళ్లకి ఏ బిళ్లలు కట్టి ఇస్తానో నీకు తెలుసు, నాకూ తెలుసు. ఎంత డోసు వేస్తున్నారు? ఎన్నాళ్ల నుంచి?

కోపంతో అడుగుతున్నాననుకోకు. కోపం చూపించే హక్కు నాకు లేదు, నేనూ నీకు అబద్ధం చెప్పాను.

దొంగతనం రోజు నేను వెనక గదిలో లేను. కౌంటర్ దగ్గరే ఉన్నాను. మధ్యాహ్నం రెండింటికి ఒకావిడ వచ్చింది. కోటు టోపీ కళ్ల దాకా, మెడ మఫ్లరు ముక్కు దాకా. ఒక చెయ్యి కోటు జేబులో ఉంది, రెండో చేత్తో చీటీ ఇచ్చింది. నొప్పి బిళ్లలు ఉన్నవన్నీ ఇవ్వమని, అరవద్దని రాసి ఉంది. ఇచ్చేశాను. సంచి తీసుకుని అలవాటు చొప్పున "థాంక్యూ, విజ్జీ" అంది.

నన్ను ఈ దేశంలో విజ్జీ అని పిలిచే మనిషి ఒక్కతే. పేరు పామెలా. కార్ల ఫ్యాక్టరీలో చేసేది, అక్కడే నడుం విరగ్గొట్టుకుంది. మూడేళ్లు ఆ బిళ్లలు నేనే కట్టి ఇచ్చాను. పోయినేడు ఫ్యాక్టరీ మూసేశారు, ఇన్సూరెన్స్ పోయింది, డాక్టరు రాయడం మానేశాడు. మాట అన్నాక ఆవిడకీ తెలిసింది తను ఏమందో. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆవిడ వెళ్లిపోయింది.

పోలీసులకి "గుర్తుపట్టలేదు" అని చెప్పాను. గోపాల్ గారికీ, అదే మా షాపు ఓనరుకి, అలాగే చెప్పాను. మా ఆయనకైతే ఏమీ చెప్పలేదు. మూడేళ్లు నా చేత్తో ఇచ్చిన బిళ్లలు కదా, ఆ సంగతి నోట్లోంచి రాలేదు. నేను గుర్తుపట్టానని ఆవిడకి తెలుసు. నా కారు తెలుసు. నేను ఎన్నింటికి బయటికొస్తానో తెలుసు. అందుకే పిస్తోలు.

నాది చెప్పేశాను. ఇక నీది చెప్పు.

విజయ

*

బాతెల్
2009 ఏప్రిల్ 29

విజయా,

పార్కిన్సన్స్. ఏడాదిన్నర అయింది. లెవోడోపా రోజుకి మూడుసార్లు. డోసు చెప్పను, చెబితే పెంచమనో తగ్గించమనో అంటావు, నాకు డాక్టరున్నాడు. ఉమాకాంత్ గారికి తెలుసు. మా అమ్మాయి చరితకి తెలియదు. శాన్ రామన్‌లో దానికి కొత్త ఉద్యోగం, కొత్త ఇల్లు. తెలిస్తే అన్నీ వదిలేసి వచ్చి నా పక్కన కూర్చుంటుంది, నాకది వద్దు. లీగ్‌లో వాళ్లకి భుజం నొప్పి అని చెప్పాను. నీకు ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. నువ్వు క్యాలిబర్ అడిగేసరికి, రెండు నెలలు నేను మళ్లీ పాత రాధారాణినయ్యాను. అది బాగుంది.

మోజు తీరడం కాదు జరిగింది. పోయిన అక్టోబరులో రేంజ్‌లో గురి చూస్తుండగా, నేను అనుకోకముందే పేలింది. నాకు ఆరడుగుల ముందు నేలలో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరూ చూడలేదు కూడా. పిస్తోలు ఖాళీ చేసి పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఆ తాళం మళ్లీ తియ్యలేదు. ఈ సంగతి ఉమాకాంత్ గారికి కూడా తెలియదు. ఇప్పుడు నీకు తెలిసింది.

నీ విషయానికొస్తాను. బాధపడతావేమో, అయినా రాస్తాను. కౌంటర్‌కి అవతల పామెలా నిలబడి ఉంది. నీ చేతిలో నైన్ ఎంఎం ఉంది, స్లైడ్ బ్రహ్మాండంగా లాగావు. తర్వాత ఏం చేస్తావు? డేల్ చెప్పే ఉంటాడు, కాల్చడానికి సిద్ధపడని మనిషి తియ్యకూడదని. నువ్వు ఆవిడ పేరు పోలీసులకే చెప్పలేకపోయావు. ఆవిడ మీద తూటా ఎలా పేలుస్తావే?

నేను తుపాకీలకి వ్యతిరేకం కాదు. ఆరేళ్లు మోశాను, ఒక్క రోజూ తప్పు చేస్తున్నానని అనుకోలేదు. నువ్వు మాత్రం ముందు పోలీస్ స్టేషన్‌కి వెళ్లు. ఆ తర్వాత కూడా కావాలనిపిస్తే కొనుక్కో. అన్నయ్యగారితో చెప్పు. ఆయన ఎందుకని అడగలేదంటే, నువ్వే చెబుతావని చూస్తున్నారేమో.

ఈ ఉత్తరం నాలుగు రోజులు పట్టింది. కంప్యూటర్లో అయితే ఒక్కో అక్షరం మూడేసి సార్లు పడుతోంది.

రాధ

*

నోవై
2009 జూన్ 24

రాధా,

నీ ఉత్తరానికి రెండు నెలలు జవాబు రాయలేదు. ఫోన్లో మీ వాన, మా ఎండ మాట్లాడుకున్నాం. అసలు విషయం ఏమిటంటే, నేను నీ మాట వినలేదు.

మే నెలలో లైసెన్సు వచ్చింది, నైన్ ఎంఎం కొన్నాను. నీది తీసుకోలేదు, నువ్వు మళ్లీ తాళం తీస్తావని అప్పటికి నాకు ఆశ. అరచేతికి నిండుగా ఉంటుంది, మరీ తేలిక కాదు. నువ్వు చెప్పిన తోపుడు పద్ధతిలో స్లైడ్ పదికి పదిసార్లూ వస్తోంది. డేల్ తన కొత్త బ్యాచ్‌కి దాన్ని "విజయా పుష్" అని నేర్పుతున్నాడు. పేరు నీది కావాలి, చెప్పాను, ఆయన నోరు తిరగలేదు.

జూన్ మొదటి వారంలో పోలీసులు ఆపారు. ఒక బారసాలకి వెళ్తున్నాను. ముప్ఫై ఐదు ఉన్నచోట నలభై ఏడులో డ్రైవ్ చేశాను. ఆఫీసర్ కిటికీ దగ్గరికి వచ్చాడో లేదో, క్లాసులో చెప్పినట్టు "ఆఫీసర్, నాకు లైసెన్సుంది, హ్యాండ్‌బ్యాగ్‌లో పిస్తోలుంది" అనేశాను. ఆయన నా బొట్టు, పట్టుచీర, పక్క సీట్లో మూకుడంత గిన్నె చూశాడు. "బ్యాగ్ ఎక్కడుంది మేడమ్?" "ఆ గిన్నె కింద." "గిన్నెలో ఏముంది?" "పులిహోర." కాసేపు ఆలోచించి, "రెండింటినీ ముట్టుకోకండి" అన్నాడు. టిక్కెట్ రాయలేదు. బారసాలలో ఈ కథ నాలుగుసార్లు చెప్పించుకున్నారు.

ఇది చెప్పి ఆగిపోవాలని ఉంది. రాసి పక్కన పెట్టి, మళ్లీ తీశాను.

పదో తారీఖు సాయంత్రం ఆరింటికి షాపు నుంచి బయటికొచ్చాను. వాన పడుతోంది. కారు తలుపు దగ్గర ఉండగా వెనక నుంచి పరుగు వినిపించింది. తిరిగి చూస్తే ఒకావిడ, రెయిన్‌కోటు టోపీ మొహం మీదికి లాక్కుని నావైపే వస్తోంది, ఒక చెయ్యి జేబులో ఉంది. నా చెయ్యి సంచిలోకి వెళ్లింది. ఎప్పుడు వెళ్లిందో నాకు తెలియదు. పిస్తోలు పిడి చేతికి తగిలాక తెలిసింది, అప్పటికి వేళ్లు బిగుసుకుని ఉన్నాయి. ఆవిడ పదడుగుల దూరంలో ఆగి జేబులోంచి నా కళ్లజోడు తీసింది. "కౌంటర్ మీద మర్చిపోయారు, వానలో తడుస్తాయని జేబులో పెట్టుకున్నా" అంది. అంతకుముందే నా దగ్గర దగ్గు మందు కొనుక్కున్న అమ్మాయి. ఎడమ చేత్తో తీసుకున్నాను. కుడి చెయ్యి సంచిలోంచి రావడం లేదు. "ఆర్ యూ ఓకే?" అని అడిగింది. ఓకే అన్నాను.

కార్లో కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను. మల్లికార్జునరావు గారు ఇరవై నిమిషాల్లో వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. అంతా చెప్పాను, జనవరి నుంచి. చివర్లో "ఐదు నెలల నుంచి నువ్వు తలుపు గడియ రెండేసి సార్లు చూస్తున్నావు. నువ్వు చెప్పేదాకా ఆగుదామనుకున్నాను. ఆగకుండా ఉండాల్సింది" అన్నారు. నువ్వు రాసిందే నిజమైంది.

మర్నాడు ఇద్దరం పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం. డిటెక్టివ్ ఆడమనిషి. పేరు చెప్పాను, ముందే ఎందుకు చెప్పలేదో చెప్పాను. ఆవిడ కంప్యూటర్లో చూసి, కుర్చీ నావైపు తిప్పుకుంది. పామెలాని మార్చి రెండో వారంలోనే వేరే ఊళ్లో ఇంకో మందుల షాపులో పట్టుకున్నారట. అప్పటి నుంచి కౌంటీ జైల్లోనే ఉంది. మా షాపు సంగతి తనే ఒప్పుకుందట. గోపాల్ గారికి ఫోన్ చేసి చెప్పారట కూడా. ఆయన్ని అడిగితే "మళ్లీ గుర్తుచేస్తే మీరు బాధపడతారని చెప్పలేదమ్మా" అన్నాడు. మనవాళ్లందరికీ ఇదొక జబ్బు.

మార్చి నుంచి జూన్ దాకా నేను ఆ పార్కింగ్‌లో భయపడింది లేని మనిషికి. రోజూ వెతుక్కున్న మొహం జైలు గోడల వెనక ఉంది. దగ్గు మందు అమ్మాయి ఇంకో మూడడుగులు పరిగెత్తి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

నాకు సరిపడే క్యాలిబర్ దొరికింది రాధా, అందులో సందేహం లేదు. రోజూ వెంట పెట్టుకు తిరగాల్సిన మనిషిని మాత్రం నేను కాదు. డేల్ తిరుగుతాడు, ఆయనకి చెల్లుతుంది. నాది ఇంట్లో తాళం పెట్టెలో ఉంది. శనివారాలు రేంజ్‌కి మాత్రం వెళ్తున్నాం, మా ఆయన కూడా. మొదటి రోజే నడి మధ్యలో కొట్టారు, అది నేనింకా క్షమించలేదు. షాపు మూసేటప్పుడు ఇప్పుడు ఇద్దరం కలిసి బయటికొస్తున్నాం. గోపాల్ గారు తలుపుకి బజర్ పెట్టించారు.

పామెలా విషయంలో జడ్జిగారికి ఉత్తరం రాయొచ్చని డిటెక్టివ్ చెప్పింది. రాశాను. నేను చాలా భయపడ్డానని రాశాను. ఆవిడ నడుం నొప్పి నిజమేనని, మూడేళ్లు నేను చూశానని కూడా రాశాను. బిళ్లల అలవాటు మానిపించే చికిత్సకి పంపిస్తారేమో చూడాలి.

సెప్టెంబరులో బాతెల్ వస్తున్నాను, టిక్కెట్ బుక్ చేశాను. వద్దనకు, రిఫండ్ లేదు.

నీ విజయ

*

బాతెల్
2009 జూలై 12

విజయా,

వద్దని ఎవరన్నారు? వచ్చేటప్పుడు కారప్పొడి తీసుకురా, ఇక్కడిది రంగుకే.

నా పిస్తోలు అమ్మేశాను. కొన్న డీలర్‌కే ఇచ్చాను. "కండిషన్ బాగుంది, ఎందుకు అమ్ముతున్నారు?" అన్నాడు. భుజం నొప్పి అనబోయి, "పార్కిన్సన్స్" అన్నాను. బయటి మనిషితో అనడం అదే మొదటిసారి. పక్కనే ఉమాకాంత్ గారున్నారు. అక్టోబరు తూటా సంగతి ఆయనకి కార్లో చెప్పాను. సిగ్నల్ గ్రీన్ పడ్డా కదల్లేదు, వెనకవాళ్లు హారన్ కొట్టారు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ అమ్మాయి కళ్లజోడు పట్టుకుని నిలబడిన చోట మూడుసార్లూ ఆగిపోయాను. గోపాల్ గారిని తిట్టుకున్నాను, తర్వాత నన్ను నేను తిట్టుకున్నాను. ఆయన నీకు చేసిందే నేను చరితకి చేస్తూ వచ్చాను కదా.

అది జూలై నాలుగు సెలవలకి వచ్చింది. ఎయిర్‌పోర్టుకి ఇద్దరం వెళ్లాం. ఉమాకాంత్ గారు నడుపుతున్నారు, నేనూ అదీ వెనక సీట్లో. ఇంటికెళ్లాక, అన్నాలు తిన్నాక, పొద్దున్నే చెప్పొచ్చు అని ఎన్ని వాయిదాలు వేసుకున్నానో. అది కొత్త ఇంటి గురించి, మేనేజరు గురించి గలగలా చెబుతోంది. దారిలో టనెల్ దాటగానే, "చరితా, ఒకటి చెప్పాలి" అన్నాను. చెప్పాను. ఏడాదిన్నర, బిళ్లలు, రేంజ్, అన్నీ. నా కుడి చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను, అలా పెట్టుకుంటే కనబడదు.

ఏడుస్తుందనుకున్నాను. ఉద్యోగం మానేస్తానంటుందనుకున్నాను, దానికి నా దగ్గర జవాబు రెడీగా ఉంది. ఆ రెండూ చెయ్యలేదు. "నువ్వు ఎందుకు చెప్పలేదు నాకు అమ్మా?" అంది. అలాగే అంటుంది కదా, ఇక్కడ పెరిగిన పిల్ల, మాటల వరస అటూ ఇటూ చేసి. అప్పుడు నా తొడ కింద నుంచి చెయ్యి లాగి తన ఒళ్లో పెట్టుకుంది. చెయ్యి వణుకుతూనే ఉంది. దాన్ని ఆపడానికి నేనేమీ చెయ్యలేదు, చరిత కూడా చెయ్యలేదు. మేనేజరు గురించి ఆపిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టింది. బాతెల్ దాకా అలాగే వచ్చాం.

రాధ